చీనీ తోట కొట్టాలి: చైన్ సా కోత వంకర పోతోంది, ఇంకో మిషన్ ఏది తీసుకోవాలి?

తాడిపత్రి_చీనీ

తాడిపత్రి పక్కన 6 ఎకరాల చీనీ (బత్తాయి) తోట. వేరుకుళ్లు తగిలి సగం ఎండిపోయింది, మొత్తం తీసేయాలి. 6 మీటర్ల ఎడం, 660 చెట్ల దాకా వస్తాయి. మొదళ్లు 8 నుంచి 10 ఇంచీల లావు. గట్ల మీద సర్కారు తుమ్మ కంప బాగా ఉంది, రెండు వేపలు, ఒక చింత కూడా.

మిషన్లు రెండున్నాయి. ఒకటి స్టిల్ ఎంఎస్ 250, 18 ఇంచీల బార్ (చైన్ చుట్టూ తిరిగే ఇనుప పట్టీ). రెండోది 58 సీసీ అని స్టిక్కర్ ఉన్న చైనా మిషన్, దానికీ 18 ఇంచీల బారే. స్టిల్‌కు పాత చైన్ అరిగిపోతే అంగట్లో రోల్‌లోంచి కత్తిరించి 68 లింకులకు రివిట్ కొట్టిచ్చినారు. పిచ్, అంటే లింకుల ఎడం, 0.325 ఇంచీలని చెప్పే ఇచ్చినారు. ఎక్కింది, బిగిసింది, తిరుగుతోంది. కానీ నాలుగు ఇంచీలు దిగినాక కోత ఒక పక్కకు తిరిగి బార్ ఇరుక్కుంటోంది. పళ్లు కొత్తవి, ఆకురాయి ఇంకా తగల్లేదు.

అడిగేది మూడు. కోత ఎందుకు వంకర పోతోంది? ఇంకో మిషన్ కొంటే ఏ కంపెనీ మేలు? పని మధ్యలో ఆగకుండా ఏ స్పేర్లు ముందే తెచ్చిపెట్టుకోవాలి?

రంపం_కడప

కోత వంకర పోయేది ఎక్కువగా రెండిటి వల్ల. ఒక వైపు పళ్లు పొట్టిగానో మొద్దుగానో ఉండాలి, లేదా చైన్ బార్ గాడిలో వదులుగా ఊగుతుండాలి. మీవి కొత్త పళ్లంటున్నారు కాబట్టి నా అనుమానం రెండోదాని మీదే.

ఇంజన్ ఆపి, ప్లగ్గు క్యాప్ తీసేసి, చేతికి తొడుగు వేసుకుని బార్ మధ్యలో చైన్‌ను రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ ఊపండి. పళ్లు పక్కకు వాలుతుంటే గాడి వెడల్పుకూ చైన్ మందానికీ పొత్తు లేనట్టే. ఇంకొకటి చూడండి. చైన్ కిందివైపు గాడిలోకి దిగే నాలుకలుంటాయి కదా, వాటినే డ్రైవ్ లింకులంటారు. వాటి మీద సన్నగా అంకె కొట్టి ఉంటుంది. ఆరెగాన్ చైన్ అయితే 20, 21, 22 అని ఉంటుంది. మూడూ 0.325 పిచ్చే, మందమే తేడా: 20 అంటే 1.3 మి.మీ., 21 అంటే 1.5, 22 అంటే 1.6. స్టిల్ సొంత చైన్ అయితే డ్రైవ్ లింకు మీద ఒకే అంకె: 3 అంటే 1.3, 5 అంటే 1.5, 6 అంటే 1.6. పిచ్ అంకె వేరే చోట, పంటి ముందుండే చిన్న గూటం మీద ఉంటుంది. అక్కడ 2 ఉంటే 0.325, 3 ఉంటే 3/8.

ఎంఎస్ 250 బార్ గాడి మామూలుగా 1.6. చైనా మిషన్లకు వచ్చేది 1.5. అంగట్లో 'పాయింట్ త్రీ టూ ఫైవ్' అని అడిగితే చేతికందిన రోల్ తీస్తారు, మందం ఎంతని ఎవరూ అడగరు. మందం చైన్ సన్నగాడిలో దిగనే దిగదు కాబట్టి ఆ తప్పు అంగట్లోనే తెలిసిపోతుంది. సన్న చైన్ వెడల్పు గాడిలో సుఖంగా దిగుతుంది, మోసం చెట్టు దగ్గరే బయటపడేది. అట్లాగే నడిపిస్తే గాడి అంచులు ఒకవైపు అరిగి బార్ కూడా పోతుంది. ఆ తర్వాత సరైన చైన్ వేసినా వంకరే కోస్తుంది.

ముందు ఆ అంకె చూసి ఇక్కడ పెట్టండి. బార్ తోక దగ్గర కూడా పిచ్, మందం చెక్కి ఉంటాయి. మసి తుడిస్తే కనబడతాయి.

గుత్తి_బొగ్గుబట్టీ

కొత్త మిషన్ సంగతి తర్వాత, చీనీ చెట్టును మొదట్లో కొయ్యొద్దప్పా. జేసీబీ ఎట్లా పెడతారు కదా వేర్లు పెళ్లగించేదానికి. నేలకు మూడడుగులు మొండెం వదిలి పైన కోస్తే జేసీబీ బకెట్‌కు పట్టు దొరుకుతుంది, ఒక్క తోపుకు వేరుతో సహా లేస్తుంది. నేలమట్టానికి కోస్తే గుంత తవ్వి తియ్యాల, గంటల లెక్కన బాడుగ పెరుగుతుంది. పైగా మొదలు చుట్టూ మట్టి, ఇసుక బెరడులో పట్టి ఉంటాయి. తిరిగే చైన్ ఒక్కసారి మట్టిని తాకితే చాలు, పళ్ల కొనలన్నీ మొద్దు. డ్రిప్ పైపులు ముందే చుట్టి పక్కన పెట్టుకోండి.

వేప, చింత అట్లా కొట్టేయొద్దు. వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం, 2002 నుంచీ ఉంది. అటవీ శాఖ వాళ్లను అడిగి అనుమతి తీసుకుని కొట్టాల.

టూస్ట్రోక్_ఆదోని

కంపెనీల సంగతి నేను చెప్తా. 10 ఇంచీల మొదళ్లకు 16 ఇంచీల బార్ చాలు, 45 సీసీ ఇంజన్ చాలు. 22 ఇంచీల బార్ చూపించి పెద్ద మిషన్ అని అమ్ముతారు. పొడుగు పెరిగేకొద్దీ ఇంజన్ మీద బరువు, చైన్ ఖర్చు, ఆకురాయి పట్టే టైమ్ అన్నీ పెరుగుతాయి. కోసేది మాత్రం అదే 10 ఇంచీలు.

స్టిల్‌లో ఎంఎస్ 170 అంటే 30.1 సీసీ, 1.2 కిలోవాట్లు. కొమ్మలకు, కంపకు సరిపోతుంది, 660 మొదళ్లకు పెట్టొద్దు. ఎంఎస్ 250 అంటే 45.4 సీసీ, 2.3 కిలోవాట్లు, బార్ లేకుండా 4.6 కిలోలు. ఎంఎస్ 382 అంటే 72.2 సీసీ, 3.9 కిలోవాట్లు, 6.2 కిలోలు. అది చింత దుంగలకు, సామిల్లు పనికి. చీనీ తోటలో రోజంతా మోస్తే చేతులు పడిపోతాయి. హస్క్‌వర్నాలో మీ పనికి తగింది 445: 45.7 సీసీ, 2.1 కిలోవాట్లు, 4.9 కిలోలు. కాగితం మీద ఎంఎస్ 250కీ దీనికీ పెద్ద తేడా లేదు. తేడా దుమ్ము దగ్గరుంది. 445లో గాలి ఫిల్టర్‌కు చేరేలోపే ఫ్లైవీల్ రెక్కలు బరువైన దుమ్మును పక్కకు చిమ్మేస్తాయి. మన ఎండాకాలం దుమ్ములో అది పనికొచ్చే ఏర్పాటే. ఎంఎస్ 250లో ఫిల్టర్ మీదే భారమంతా, ట్యాంకు నింపిన ప్రతిసారీ కాకపోయినా పూటకొకసారి విప్పి దులపాల్సిందే.

ఇక చైనా 58. దాని సిలిండర్ బోరు 45.2 మి.మీ., స్ట్రోక్ 34. లెక్కేస్తే 54.5 సీసీ వస్తుంది. స్టిక్కర్ మీద 58. అంతమాత్రాన పనికిరానిది కాదు. అమ్మేవాళ్లు చెప్పని మంచి గుణం ఒకటుంది దానికి: సిలిండర్ నాలుగు బోల్టుల మీద విడిగా కూర్చుంటుంది. పిస్టన్ పోతే పైకవర్, కార్బురేటర్, సైలెన్సర్ తీసి ఆ నాలుగు బోల్టులు విప్పితే సిలిండర్ పైకొచ్చేస్తుంది. ఎంఎస్ 250లోనూ 445లోనూ అట్లా కుదరదు. వాటిలో సిలిండర్ అడుగు భాగమే క్రాంక్ బేరింగులను పట్టుకుని ఉంటుంది. పిస్టన్ చూడాలంటే ఇంజన్ మొత్తం బాడీలోంచి దించాల్సిందే, జాయింటుకు సీలెంట్ పూసి మళ్లీ కూర్చోబెట్టాల. అర పూట పని. అందుకే వాటిలో పిస్టన్ కాలకుండా చూసుకోవడమే తెలివి.

చైనా మిషన్‌లో త్వరగా పోయేవి నాలుగు: కార్బురేటర్‌కూ సిలిండర్‌కూ మధ్య రబ్బరు బూటు, ఆయిల్ పంపును తిప్పే మరచుట్టు గేరు, చైన్ బిగించే స్క్రూ, స్టార్టర్ స్ప్రింగు. నాలుగూ చవకే, కానీ అన్నీ ఒకే అచ్చు కాదు. బయటకు ఒకే మాదిరి కనబడే మిషన్లలో స్ప్రింగు, గేరు కొలతలు మారిపోతుంటాయి. పాతది జేబులో వేసుకుని అంగడికి పోవాల, ఫోన్‌లో ఫొటో చూపిస్తే కుదరదు.

నా మాట: మూడో మిషన్ వద్దు. ఉన్న రెండిటికీ సరైన చైన్లు పెట్టుకుంటే మీ పనైపోతుంది. కొనేదే ఖాయమైతే మీకు దగ్గర్లో ఏ కంపెనీ సర్వీసు అంగట్లో డయాఫ్రమ్ (కార్బురేటర్ లోపలి పల్చటి పొర) కిట్, క్లచ్ డ్రమ్ అప్పటికప్పుడు చేతికిస్తారో అదే కొనండి. రంగు చూసి కొనొద్దు.

తాడిపత్రి_చీనీ

అంకె చూసినా. డ్రైవ్ లింకు మీద 21 అని ఉంది. స్టిల్ బార్ తుడిస్తే 1.6 కనబడింది. వేళ్లతో ఊపితే పళ్లు అటూ ఇటూ వాలుతున్నాయి. అంటే ఈ చైన్ దండగేనా?

ఇంకొకటి, స్టిల్‌కు పెట్రోల్‌లో ఆయిల్ ఎంత కలపాలో ఒక్కొక్కరూ ఒక్కోటి చెప్తున్నారు. చైనాదానికి ఇంకో లెక్క. చైన్ ఆయిల్‌కు ట్రాక్టర్ నుంచి దింపిన పాత ఆయిల్ పోస్తున్నాం.

రంపం_కడప

దండగ కాదు, మీ చైనా మిషన్‌కు వస్తుంది. దాని 18 ఇంచీల బార్‌కు 72 లింకులు కావాల. మీ పాత చైన్ లెక్కబెట్టుకుని ఖాయం చేసుకోండి, బార్ మీద 0.325, 1.5 అని ఉందో లేదో కూడా చూసుకోండి. ఇప్పుడున్నది 68. అదే రోల్‌లోంచి నాలుగు డ్రైవ్ లింకుల ముక్క తెచ్చి అతికించమనండి. నాలుగు లింకులకు ఒక కుడి పన్ను, ఒక ఎడమ పన్ను వస్తాయి కాబట్టి కుడి, ఎడమ వరస చెడదు. అతుకు దగ్గర కొత్త రివిట్ పట్టీలే వేయించండి. విప్పిన పాతవి మళ్లీ కొడితే తల వదులై పనిలో తెగుతుంది. రివిట్ కొట్టినాక ఆ జాయింటు మిగతావాటంత తేలిగ్గా వంగాల. బిగుసుకుపోతే స్ప్రాకెట్ (చైన్‌ను తిప్పే పళ్ల చక్రం) దగ్గర ఎగిరెగిరి పడుతుంది. చేర్చిన రెండు పళ్లు పొడుగ్గా ఉంటే ఆకురాయి పట్టి మిగతావాటికి సమం చేయండి.

బార్ మాత్రం ఒకదానిది ఇంకోదానికి పెట్టొద్దు. తోక దగ్గర చీలిక వెడల్పు, ఆయిల్ రంధ్రం చోటు కలవవు. నట్టు బిగిసినంత మాత్రాన సరిపోయినట్టు కాదు, ఆయిల్ అందక గంటలో నీలంగా మాడుతుంది.

స్టిల్‌కు 0.325, 1.6, 68 లింకులవి మూడు లూపులు తెప్పించండి. అడిగేటప్పుడు పిచ్, మందం, లింకులు మూడూ కాగితం మీద రాసివ్వండి. '18 ఇంచీల చైన్' అని మాత్రం అడగొద్దు. మీ ఇంట్లోనే చూడండి, రెండూ 18 ఇంచీలే, ఒకటి 68, ఒకటి 72. మూడు చైన్లను వంతులవారీగా తిప్పితే స్ప్రాకెట్, చైన్లు కలిసి అరుగుతాయి. స్ప్రాకెట్ పళ్లలో అర మిల్లీమీటరు గుంట కనబడితే మార్చేయాల. అరిగిన స్ప్రాకెట్ మీద కొత్త చైన్ వేస్తే రెండు రోజుల్లో సాగుతుంది.

ఆకురాయి రెండు మిషన్లకూ ఒకటే, 4.8 మి.మీ. గుండ్రటిది. 3/8 చిన్న రకం చైన్లకైతే 4 మి.మీ. కావాల, మీకు అక్కర్లేదు. పంటి మీద గీత ఉంటుంది, 30 డిగ్రీల కోణం చూపేది, దాని వెంబడి లోపలి నుంచి బయటికి మాత్రమే తోయండి, వెనక్కి లాగేటప్పుడు ఎత్తేయండి. ఎండిన వేప, తుమ్మలాంటి గట్టి చెక్కకు 25కు తగ్గించినా కొన ఎక్కువసేపు నిలుస్తుంది. కొన మీద తెల్లగా మెరిసే సన్న గీత పోయేదాకా రుద్దాల, అది ఉన్నంతసేపూ మొద్దే. మూడు నాలుగు సార్లు ఆకురాయి పట్టినాక పంటి ముందున్న గూటం ఎత్తు చూడండి, పంటి కంటే 0.65 మి.మీ. కిందుండాల. ఎక్కువ దించేస్తే చైన్ చెక్కను పీకి మిషన్‌ను మీదికి ఎగదన్నుతుంది. పెచ్చులు రాలుతుంటే చైన్ పదునుంది. పిండిలాగా పొట్టు రాలుతుంటే ఆపి పదును పెట్టండి, బలంగా నొక్కొద్దు.

టూస్ట్రోక్_ఆదోని

ఆయిల్ లెక్క చెప్తా. స్టిల్ సొంత ఆయిల్ అయితే 50కి 1, అంటే లీటరుకు 20 మి.లీ. వేరే కంపెనీ టూ స్ట్రోక్ ఆయిల్ అయితే 25కి 1, లీటరుకు 40 మి.లీ. వాళ్ల పుస్తకంలోనే రెండూ ఉంటాయి, అందుకే మీకు రెండు మాటలు వినబడినాయి. చైనాదానికి 40 మి.లీ. పోయండి. రెండు డబ్బాలు పెట్టుకుంటే పొలంలో కచ్చితంగా తారుమారవుతాయి, మామూలు మంచి టూ స్ట్రోక్ ఆయిల్ లీటరుకు 40 మి.లీ. లెక్కన ఒకే డబ్బాలో కలిపి రెండిటికీ పోయడం మేలు. కొంచెం పొగ ఎక్కువ, అప్పుడప్పుడు ప్లగ్గు తుడవాల, అంతే. ఫోర్ స్ట్రోక్ బైకు ఆయిల్ కలపొద్దు, అది శుభ్రంగా కాలదు.

కలిపిన పెట్రోల్ నెలకు మించి ఉంచొద్దు. ఇప్పుడొచ్చే పెట్రోల్‌లో ఇథనాల్ ఉంది, గాలిలో తేమను పీల్చుకుంటుంది. పని ముగిసినాక ట్యాంకు వంపేసి, మిషన్ దానంతటదే ఆగేదాకా నడిపి పెట్టండి. లేకపోతే కార్బురేటర్‌లో డయాఫ్రమ్ అట్టలాగా గట్టిపడుతుంది. అప్పుడు స్టార్టవుతుంది కానీ యాక్సిలరేటర్ నొక్కితే చచ్చిపోతుంది.

పాత ట్రాక్టర్ ఆయిల్ ఆపేయండి. అందులో ఇనుప రజను, మసి ఉంటాయి. పంపును తింటాయి, కోసేవాళ్ల చేతులకూ ముఖానికీ చిందుతుంది, అది చర్మానికి మంచిది కాదు. బార్ ఆయిల్ దొరక్కపోతే కొత్త 40 గ్రేడు ఇంజన్ ఆయిల్ పోయండి, ఎండాకాలంలో 30 కంటే అదే నిలుస్తుంది. అందుతోందో లేదో చూడాలంటే బార్ కొనను ఎండుటాకు మీదో అట్టముక్క మీదో జానెడు ఎత్తున పట్టి సగం యాక్సిలరేటర్ ఇవ్వండి, సన్నగా ఆయిల్ గీత పడాల. ఇంకో గుర్తు: పెట్రోల్ ట్యాంకు ఖాళీ అయ్యేసరికి ఆయిల్ ట్యాంకు కూడా దాదాపు ఖాళీ కావాల. సగం మిగిలిందంటే బార్ రంధ్రం పొట్టుతో మూసుకుపోయింది, లేదా పంపు పోయింది.

పిస్టన్ కాలితే ముందు గీతలు ఏ వైపున్నాయో చూడండి. సైలెన్సర్ వైపు గీతలుంటే ఆయిల్ తక్కువైంది, లేదా పెట్రోల్ తక్కువై గాలి ఎక్కువైంది, చైనా మిషన్లలో ఆ రబ్బరు బూటు చీలడం వల్లే చాలాసార్లు. కార్బురేటర్ వైపు మసకగా అరిగి ఉంటే ఫిల్టర్ దాటి దుమ్ము పోయింది. కారణం చూడకుండా పిస్టన్ కిట్ మార్చితే కొత్తదీ అట్లాగే పోతుంది. కంప్రెషన్ చూడ్డానికి గేజ్ లేకపోతే స్టార్టర్ పిడి పట్టుకుని మిషన్‌ను గాల్లో వేలాడదీయండి. ఆగి ఆగి దిగితే బాగుంది, జారిపోతే రింగులు పోయినాయి.

ఎండలో ఇంకో తంటా ఉంటుంది. పది పదిహేను నిమిషాలు నడిచి ఆగిపోయి, పెట్రోల్ మూత వదులు చేయగానే మళ్లీ నడిస్తే ట్యాంకు గాలిరంధ్రం మూసుకుంది. మూత వదులు చేసినా లేవక, అర గంట నీడలో పెడితే లేస్తే ట్యాంకు పైపులో పెట్రోల్ ఆవిరవుతోంది, లేదా ప్లగ్గుకు కరెంటు పంపే కాయిల్ వేడికి పోతోంది. వెంటనే ప్లగ్గు విప్పి బాడీకి ఆనించి లాగండి, నిప్పురవ్వ ఉంటే పెట్రోల్ సంగతి, లేకుంటే కాయిల్. అయితే ఇది పెట్రోల్ డబ్బాకు దూరంగా, ప్లగ్గు రంధ్రం మీద గుడ్డ కప్పి చేయండి. కొత్త కాయిల్ పెట్టేటప్పుడు ఫ్లైవీల్‌కూ దానికీ మధ్య విజిటింగ్ కార్డు మందం, 0.3 మి.మీ. దాకా వదలాల.

గుత్తి_బొగ్గుబట్టీ

స్పేర్ల జాబితా అడిగినారు, ఎవరూ చెప్పలే. 660 చెట్లకు: చైన్లు పైన చెప్పినట్టే స్టిల్‌కు మూడు, చైనాదానికి రెండు. ఆకురాళ్లు అర డజను, ఆరేడు చైన్లు పదును పెట్టేసరికి ఒకటి మొద్దుబారుతుంది. ప్లగ్గులు రెండేసి. స్టిల్‌కు ఎన్‌జీకే బీపీఎంఆర్7ఏ, చైనాదానికి ఎల్7టీ అని వస్తుంది, దానికి కూడా బీపీఎంఆర్7ఏ పడుతుంది. పెట్రోల్ ఫిల్టర్ ఒక్కోటి, ఎయిర్ ఫిల్టర్ ఒక్కోటి ఎక్స్‌ట్రా, స్టార్టర్ తాడు మూడున్నర మిల్లీమీటర్లది రెండు మీటర్లు, బార్ నట్లు నాలుగు. నట్లే ముందు పొట్టులో పడిపోయేది. చైనాదానికి రబ్బరు బూటు, ఆయిల్ గేరు. డయాఫ్రమ్ కిట్లు రెండిటికీ.

కంప దగ్గర జాగ్రత్త. సర్కారు తుమ్మ ఒక మొదలు నుంచి పది కాండాలు లేస్తుంది. ఒకటి కోసేటప్పుడు బార్ కొన పైభాగం వెనక కాండాన్ని తాకితే మిషన్ ముఖం మీదికి ఎగురుతుంది. ముందు కత్తితో సన్నకొమ్మలు కొట్టి చోటు చేసుకుని, బార్ మొదటి సగంతోనే కోయాల. ముందుండే బ్రేకు పిడి పని చేస్తుందో లేదో పొద్దున్నే చూసుకోండి. చైనా మిషన్లలో ఆ బ్రేకు పట్టీ ఆయిల్, పొట్టుతో నిండి జారుతుంటుంది. విప్పి పెట్రోల్‌తో తుడిచి ఆరనిస్తే పట్టుకుంటుంది.

సాయంత్రం పని ఆపినాక చైన్ కొంచెం వదులు చేయండి. వేడిలో బిగించిన చైన్ రాత్రికి చల్లారి కుదించుకుని క్రాంకును లాగుతుంది. పొద్దున బార్ కొనను పైకెత్తి పట్టుకుని మళ్లీ బిగించండి, చైన్ అడుగున వేలాడకుండా చేత్తో లాగితే తిరిగేంత.

తాడిపత్రి_చీనీ

చైనాదాని పాత చైన్ లెక్కబెట్టినా, 72. బార్ మీద 0.325, 1.5 అనే ఉంది. రేపు అంగడికి పోయి నాలుగు లింకులు కలిపిస్తా. స్టిల్ బార్ గాడి అంచు ఒకవైపు కొంచెం వాలినట్టుంది, ఇంచుపట్టీ ఆనిస్తే వెలుతురు కనబడుతోంది. బార్ కూడా మార్చాలా?

రంపం_కడప

ముందు గాడి లోతు కొలవండి. 0.325కు 6 మి.మీ. కంటే తక్కువుంటే మార్చాల్సిందే, డ్రైవ్ లింకు అడుగును రాస్తుంది. లోతుంటే బార్‌ను వైస్‌లో నిలబెట్టి పట్టించి, చదును ఆకురాయితో రెండు అంచులూ ఒకే ఎత్తుకు సమం చేయండి, పక్కల లేచిన గరుకు అంచులు కూడా రుద్దేయండి. తర్వాత తిరగేసి బిగించండి, పైఅంచు కిందికి వచ్చేటట్టు. 1.6 చైన్ వేసి మళ్లీ వేళ్లతో ఊపి చూడండి. అప్పటికీ వాలుతుంటే గాడి వెడల్పయిపోయింది, ఇక కొత్త బారే.